సిత్రా క్యాంపు రాయబారం

బహ్రెయిన్‌లో నువ్వు చేసే ఉద్యోగమేమిటని మావాళ్ళు అడిగితే, చచ్చిపోయిన దొరల ఉత్తరాలు చదవడమని చెప్తాను. అందులో అబద్ధమేమీ లేదు. హూరాలో ఒక లాడ్జికీ, ఒక దర్జీ కొట్టుకీ మధ్య ఇరుకు మెట్లెక్కితే మా ఆఫీసు వస్తుంది. మా యజమాని ఎనభైకి దగ్గరపడ్డ బహ్రెయినీ పెద్దమనిషి. ఈ సముద్రం మీద ఇంగ్లీషువాళ్ళు పెత్తనం చేసిన రోజుల్లో, ఈ తీరాల పాలకులు ఒకరితో ఒకరు తగవు పడితే మధ్యస్థం చేయడానికి ఓడలేసుకుని వచ్చేవాళ్ళు. ఆ రాయబారాల కాగితాల నకళ్ళు ఈయన జీవితమంతా పోగుచేశాడు. తన పాత ఇంట్లో ఒక గది నిండా వాటిని పెట్టి, వచ్చేపోయేవాళ్ళకు చూపించాలని ఆయన కోరిక. ఆ గొలుసుకట్టు ఇంగ్లీషును చదివి కంప్యూటర్లో కొట్టడం నా పని.

ఆ పనికి నేను తప్ప ఇంకెవరూ పనికిరారని నా నమ్మకం. కాకినాడలో మా తాతగారు దస్తావేజులు రాసేవారు. కోడి కెలికినట్టున్న రాతనైనా నేను చదివేస్తాను. కాగితం మీద లేని మాట గాలిలో మాట అనే ఆయన సిద్ధాంతం కూడా నాకు ఆస్తిగా వచ్చింది. ఆ ఆస్తి నా పరువు ఎలా తీసిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఉత్తరాలు చదువుతుంటే నాకు నవ్వు ఆగేది కాదు. ఒక కట్టలో వారం రోజుల భాగోతం ఉంది. ఇద్దరు పాలకులు, మధ్యలో కాస్త సముద్రం. పడవలు పట్టుకున్నారని ఒకరి మీద ఒకరికి కోపం. దొర ఓడలో వచ్చి సరిగ్గా ఇద్దరికీ మధ్య లంగరు వేశాడు. ఇద్దరూ ఓడ మీదికి రండి, మాట్లాడుకుందాం అన్నాడు. ముందెవరు నిచ్చెన ఎక్కాలి? ముందెక్కినవాడు తక్కువైనట్టు లెక్క. రోజులు గడిచాయి. దొర ఎండ గురించి, ఈగల గురించి, తన కడుపు గురించి పైవాళ్ళకు పేజీలు పేజీలు రాసుకున్నాడు. ఆఖరికి ఆయనతో వచ్చిన మున్షీ ఓడకు రెండోవైపు ఇంకో నిచ్చెన కట్టించి, రెండు పడవలూ ఒకేసారి బయలుదేరేలా చూశాడు. ఆ ఉపాయం తనదేనన్నట్టు దొర రెండు పేజీలు రాసి, అసలు ఒప్పందాన్ని మాత్రం నాలుగు వాక్యాల్లో ముగించాడు. కింద సంతకాలు, ముద్రలు. తరవాతి కట్ట విప్పితే మళ్ళీ వాళ్ళే, మళ్ళీ గొడవే, మళ్ళీ ఓడే.

"మా భాషలో దీనికి ఒక మాట ఉంది హాజీ," అన్నాను మా యజమానితో. "పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది అంటాం."

అర్థం విడమరిచి చెప్పాక ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. "ఆ పిల్లి నూట యాభై ఏళ్ళు మా ఇంట్లోనే పడుకుంది," అన్నాడు. ఆ సామెతను నా చేత తెలుగులో రాయించి, కింద అరబీలో తను రాసుకుని, తన బల్ల ఎదురుగా గోడకు అంటించుకున్నాడు.

మా ఆయన సిత్రాలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఇంజనీరు. పెళ్ళికి ముందు రెండేళ్ళు ఆ కంపెనీ లేబర్ క్యాంపులోనే ఉన్నాడు. అక్కడి వంటాయన పెట్టిన అన్నం తినే బతికానంటాడు. వంటాయనది జగిత్యాల వైపు పల్లె. అందరూ కాకా అంటారు. దుబాయికొచ్చి ఇరవై ఎనిమిదేండ్లయిందంటాడు గాని దుబాయి మొహం ఎన్నడూ చూసినవాడు కాదు. దిగింది బహ్రెయిన్‌లో, ఉన్నది సిత్రాలో. ఎన్నోసార్లు చెప్పి చూశాను. "గదేలే బిడ్డా, అంత ఒక్కటే," అంటాడు. జింజ్‌లో మా ఫ్లాటుకు పండక్కి ఆయన చేసిన సకినాలు రాకపోతే నాకు పండగ అయినట్టుండదు.

ఆ సెప్టెంబరు చివర్లో ఒక సాయంత్రం కాకా నాకే ఫోన్ చేశాడు.

"బిడ్డా, నువ్వు ఎనకటి దొరల పంచాయితులు చదువుతవంట గదా. సారు చెప్పిండు. మా పోరగాండ్ల పంచాయితి గూడ జర తెంపి పెట్టు."

మా ఆయన వైపు చూశాను. పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

క్యాంపులో నలభై మంది తెలుగువాళ్ళు. సగం మంది వెల్డర్లు, జగిత్యాల వైపు వాళ్ళు. తక్కిన సగం పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ వాళ్ళు, నిర్మల్ వైపు వాళ్ళు. ఏడాది కిందట శుక్రవారం వాలీబాల్ ఆటలో ఆఖరి బంతి గీత లోపల పడిందా, బయట పడిందా అని గొడవైంది. గీతంటే సున్నంతో వేసిందీ కాదు. సైటులో గుంతల చుట్టూ కట్టే ఎరుపు తెలుపు పట్టీని నేల మీద పరిచి రాళ్ళు పెట్టారు. గాలికి పట్టీ జరిగింది. బంతి పడినప్పుడు గీత ఎక్కడుందో ఆ దేవుడికే తెలియాలి. ఆ రోజు నుంచి రెండు వర్గాలకూ మాటల్లేవు. అదే పట్టీ తెచ్చి భోజనాల హాలు మధ్యలో నేలకు అంటించారు. ఇటు వెల్డర్లు, అటు స్కాఫోల్డింగు. ఒక జట్టు తిని లేచాక గాని రెండో జట్టు రాదు. ఒకరి గిన్నెలో పప్పు ఇంకొకరు ముట్టరు.

"రెండుసార్లు వండుతున్నారా బాబాయి గారూ?" అని నోరెళ్ళబెట్టాను.

"నాకేమన్న పిచ్చా బిడ్డా? ఒక్క గిన్నెల ఉడకబెట్టి రెండు గిన్నెలల్ల పోస్త. ఇటోళ్ళు అంటరు, మా పప్పే మంచిగున్నదని. అటోళ్ళు గూడ గట్లనే అంటరు." నవ్వాడు. "నా పని అయిపోయింది బిడ్డా. ఎగ్జిట్ కొట్టిండ్రు. ఇంక రెండు శుక్రారాలున్నయి, రెండోది మా దసరా. ఆ ఐతారం ఇమానం ఎక్కుత. ఎక్కేలోపట నలభై మందిని ఒక్క బంతిల కూసోబెట్టి ఒక్కసారి వడ్డిచ్చి పోవాలె. గంతే. నేను పోయినంక మళ్ళ కొట్టుకున్నా నాకు ఇనవడదు."

ఇరవై ఎనిమిదేళ్ళు వండిపెట్టిన మనిషి అడిగిందల్లా ఇంకొకసారి వడ్డించనివ్వమని. సరేనన్నాను. సరేనన్న మరుక్షణం నుంచి నేను దొరనైపోయాను.

మొదటి శుక్రవారం కోసం వారమంతా తయారయ్యాను. ఉత్తరాల్లో నేర్చుకున్నదంతా బయటికి తీశాను. ఇద్దరినీ ముందు విడివిడిగా వినాలి. ఎవరి ఇంటా మంచినీళ్ళు కూడా తాగకూడదు. తరవాత ఇద్దరికీ ఒప్పుదలయ్యే మాటలతో ఒడంబడిక రాయాలి. మా తాతగారి శైలిలో, తెలుగులో, చక్కగా నాలుగు షరతులు టైపు చేశాను. ఒకటి, సదరు బంతి లోపల పడినట్టు గాని బయట పడినట్టు గాని ఇకపై ఎవరూ అనరాదు. రెండు, హాలులో పట్టీ తీసేయాలి. మూడు, అందరూ ఒకే బంతిలో భోజనం చేయాలి. నాలుగు, మున్ముందు ఏ తగవు వచ్చినా ఇంజనీరు గారి భార్య చెప్పిందే ఖాయం. కింద ఇటు ఇరవై సంతకాలకు, అటు ఇరవై సంతకాలకు చోటు వదిలాను. సంతకం రానివాళ్ళకు ఇబ్బంది లేకుండా వేలిముద్రల స్టాంపు ప్యాడు కూడా కొన్నాను.

క్యాంపులో ముందు వెల్డర్ల మేస్త్రీని విన్నాను. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. "మాది తప్పయితే చెప్పుండ్రి మేడం, ఇప్పుడే ఒప్పుకుంట. కాని మాది తప్పు కాదు," అన్నాడు. తరవాత స్కాఫోల్డింగ్ మేస్త్రీని విన్నాను. సన్నగా, చురుగ్గా ఉంటాడు. అక్షరం పొల్లుపోకుండా అదే మాట అన్నాడు. ఇంత చక్కగా ఏకీభవించే ఇద్దరు మనుషుల్ని నేను ఎక్కడా చూడలేదు.

అందరినీ హాల్లోకి పిలిచి, పట్టీ మీద కుర్చీ వేయించుకుని కూర్చుని, ఒడంబడిక చదివాను. తలలూపారు. నవ్వారు కూడా. బంతి షరతు దగ్గరైతే చప్పట్లు కొట్టారు. ఇక పని అయిపోయినట్టేనని నేను పెన్ను తీసి, స్టాంపు ప్యాడు మూత తెరిచి, "రండి, ఒక్కొక్కరూ," అన్నాను.

ఒక్కడూ కదల్లేదు.

"ఏమైంది?" అన్నాను.

వెనక వరసలో ఒకాయన మెల్లగా అన్నాడు. "మేడం, మీరు మంచోళ్ళే. కాని ఈ దేశంల సంతకం పెట్టినంక మన మాట మనది కాదు. ఏజెంటు ఆఫీసుల నాలుగు కాగితాల మీద పెట్టించిండ్రు. వెల్డర్ పని అన్నరు. దిగినంక రెండేండ్లు హెల్పర్ పని చేసిన. గదేందంటే, నువ్వే సంతకం పెట్టినవు గదా అన్నరు."

"ఇది తెలుగులోనే ఉంది కదండీ! చదువుకోండి!"

"చదివినం మేడం. మంచిగనే ఉన్నది. అయినా గని వద్దు."

నాకు కోపమొచ్చింది. ఎండనపడి వచ్చి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా మీ కోసం ఇంత చేస్తే ఇదా అని నాలుగు మాటలు అన్నాను. అనకూడని మాటలేం కాదు గాని అనకుండా ఉంటే బాగుండేది. ఆ తరవాత గంటలో క్యాంపంతా గుసగుసలు. ఇంజనీరు భార్య కాగితాలు పట్టుకొచ్చిందట, కొట్లాడేవాళ్ళ పేర్లు రాసుకుంటోందట, ఆఫీసుకు పంపి ఉద్యోగాలు ఖలాస్ చేయిస్తుందట. మా ఆయన గేటు దగ్గర కారు తీస్తుంటే ఇద్దరు మేస్త్రీలూ పక్కపక్కన నడుచుకుంటూ వచ్చారు. ఏడాదిలో వాళ్ళిద్దరూ కలిసి నడవడం అదే మొదలట.

"సార్, ఆ కాగితం మా ముంగట చింపియ్యాలె," అన్నారు ఒక్క గొంతుతో.

చింపాను. నాలుగు ముక్కలయింది. మళ్ళీ ఎవరూ అతికించకుండా చెరి రెండు ముక్కలూ తీసుకుని జేబుల్లో పెట్టుకున్నారు. తరవాత ఒకడు ఇటు, ఒకడు అటు పోయారు. వంటగది గుమ్మంలో కాకా నిలబడి చూస్తున్నాడు.

జింజ్ చేరేదాకా కారులో మా ఆయన సిగ్నలు సిగ్నలుకీ నవ్వాడు. "దొరగారూ, తమరి ఓడ ఎప్పుడు బయల్దేరుతుంది?" అన్నాడు ఒకచోట. ఇంటికెళ్ళాక ఆయనకు ఉప్మా తప్ప ఇంకేమీ చేయలేదు.

ఆదివారం ఆఫీసులో నా మొహం చూసి మా హాజీ విషయం లాగాడు. అంతా చెప్పాను. షరతులు ఒక్కొక్కటీ అడిగి విన్నాడు. నాలుగోది విన్నాక గోడ మీద సామెత వైపు వేలు చూపించాడు.

"ఆ నాలుగోది నువ్వు రాసింది కాదమ్మా. అది వాళ్ళ ఒప్పందాలన్నిట్లోనూ ఉంటుంది. ఇక మీదట మీ తగవులు మేమే తీరుస్తాం అని. రోజూ టైపు చేసి చేసి నీ చేతికి అలవాటైపోయింది."

ఆయన ఫ్లాస్కులోంచి కహ్వా, అంటే వాళ్ళ కాఫీ, వంచి చిన్న గిన్నె నా ముందు పెట్టాడు.

"మా తాత ఒకటి చెప్పేవాడు. ఆ సంతకాలు ఓడ కోసం. ఓడ కాగితాన్ని తీసుకుని బొంబాయి పోయేది. ఇక్కడ మనుషులకు సంధి కావాలంటే చాప మీద కూర్చుని, ఒకే కుండలో కాచిన కహ్వా తాగి, ముక్కుకు ముక్కు ఆనించుకునేవాళ్ళు. దాని గురించి దొర ఒక్క ముక్క కూడా రాయలేదు చూడు. ఆయనకు అది కాఫీ తాగడంలాగే కనిపించింది. సరే, మీ ఊళ్ళో అలిగినవాళ్ళు ఎలా కలుస్తారు?"

మా ఊళ్ళో అలిగినవాళ్ళు కోర్టుకెళ్తారు, మా తాతగారు అలాగే బతికారు. ఆ మాట ఆయనకు చెప్పలేదు. కాకాకు ఫోన్ చేశాను.

"అయ్యో బిడ్డా, దసరా ఉన్నది గదా," అన్నాడు కాకా, నాకు అది కూడా తెలియదా అన్నట్టు. "దసరానాడు జమ్మి ఆకు చేతుల పెట్టి బంగారం అంటం. చిన్నోళ్ళు పెద్దోళ్ళ కాళ్ళు మొక్కుతరు. ఎన్క అలాయి బలాయి అని కావలిచ్చుకుంటం. జమ్మి ఇచ్చినంక పగ ఉండొద్దు, మాటుండాలె. ఏటేట ఊరికెళ్ళి వచ్చేటోడు సంచిల ఆకు తెస్తుండె. ఈయేడు ఎవ్వలు రాలె."

"ఇక్కడ జమ్మి దొరకదా?"

"దొరుకుతది బిడ్డా. గా రోడ్డు పొంటి ఉన్నయి జమ్మి చెట్లే. చూస్తె తెల్వదా మాకు? కాని పరాయోళ్ళ చెట్టు, అడుగకుంట ఎట్ల తెంపుతం?"

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ చెట్ల పక్కనుంచి బస్సులో పోతూ, వచ్చేవాడి సంచిలో ఎండిపోయిన ఆకు కోసం ఎదురుచూసిన మనిషి ఆయన. ఈ సంగతి హాజీకి చెప్పి ఆకు ఎలా ఉంటుందో బొమ్మ గీశాను. చూసి, "ఇది మా గాఫ్ చెట్టే!" అన్నాడు. "మా పాత ఇంటి వెనక మా తాత పెట్టిన చెట్టు ఉంది. ఎన్ని కొమ్మలు కావాలి?"

దసరా శుక్రవారం ఆయనే వచ్చాడు. తెల్లటి పొడుగంగీ తోబు నలగకుండా పట్టుకుని కారు దిగి, డిక్కీ తీసి చూపించాడు. నిండా పచ్చటి కొమ్మలు. పక్కన పెద్ద ఫ్లాస్కు, ఖర్జూరాల పెట్టె. కాకా ఒక రెమ్మ తీసుకుని ఆకు నలిపి వాసన చూశాడు, ముల్లు మీద వేలు పెట్టి చూశాడు. "జమ్మే బిడ్డా. మన జమ్మే," అని ఆ కొమ్మను కళ్ళకద్దుకున్నాడు. హాజీకి భాష రాకపోయినా విషయం అర్థమై, తనూ ఒక రెమ్మ తుంచి తలపాగాలో దోపుకున్నాడు. ఆ రోజుకు ఆయన మా క్యాంపు పెళ్ళికొడుకు.

కాకా పొద్దుటి నుంచీ వండుతున్నాడు. బగారన్నం, మటన్ కూర, పచ్చిపులుసు. ఆ వాసనకు గేటు దగ్గర వాచ్‌మన్ కూడా లోపలికొచ్చి నిలబడ్డాడు. నలభై మందీ ఉతికిన చొక్కాలేసుకుని హాల్లోకి వచ్చారు. ఇరవై మంది పట్టీకి ఇటు, ఇరవై మంది అటు. ప్రతివాడి చేతిలో జమ్మి ఆకు. ఈసారి నేను కుర్చీ అడగలేదు. గోడ పక్కన నిలబడ్డాను.

తమలో తాము ఇచ్చుకున్నారు, నవ్వుకున్నారు. పట్టీ మాత్రం ఎవరూ దాటలేదు. ఇద్దరు మేస్త్రీలూ దాని దాకా వచ్చి ఆగారు. చిన్నవాడు పెద్దవాడికి ఇవ్వాలి, కాళ్ళు మొక్కాలి. ఇద్దర్లో చిన్నవాడెవడు?

"పాస్‌పోర్టుల చూడుండ్రి," అన్నాడెవరో. చూశారు. ఇద్దరి పుట్టినరోజూ జనవరి ఒకటో తారీఖే. ఏళ్ళయితే ఏజెంటు ఇష్టమొచ్చినట్టు వేసినవి.

"మా ఊరికి కరెంటొచ్చిన ఏడు పుట్టిన. మా అవ్వ చెప్పింది," అన్నాడు వెల్డర్ల మేస్త్రీ.

"మా ఊరికి బస్సొచ్చిన ఏడు పుట్టిన నేను. కరెంటు కంటె బస్సే ముందుగాలొస్తది," అన్నాడు స్కాఫోల్డింగ్ మేస్త్రీ.

"మాకు బస్సు ఇప్పటికీ రాలె!" అని ఈయన. హాలంతా నవ్వు. కాని ఇద్దరి కాళ్ళూ కదల్లేదు. నవ్వు ఆగిపోయింది. అన్నం చల్లారుతోంది. ఎల్లుండి కాకా విమానం.

హాజీ నా చెవిలో, "రెండు నిచ్చెనలు?" అన్నాడు. నాకూ అదే తోచింది. ఇద్దర్నీ ఒకేసారి ఇచ్చుకోమంటే సరిపోతుందని ఒక అడుగు ముందుకు వేశాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. అంత గట్టిగా ఎప్పుడూ పట్టుకోలేదు.

కాకా గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, జమ్మి ఆకు తీసుకుని వచ్చి సరిగ్గా ఆ పట్టీ మీద నిలబడ్డాడు.

"ఎవరు పెద్దనో తేలకనే గదా మీరు వంగుతలేరు? మంచిది. అందరికంటె చిన్నోన్ని నేనే అనుకోండ్రి. నేనే మొక్కుత."

అని వెల్డర్ల మేస్త్రీ కాళ్ళ వైపు వంగాడు.

అరవై దాటిన మనిషి తన కాళ్ళకు మొక్కితే ఆయుష్షు తగ్గుతుందని మనవాళ్ళ భయం. దానికి మించి, అన్నం పెట్టిన చెయ్యి అది. "అయ్యో కాకా!" అని మేస్త్రీ కిందపడ్డట్టే వంగి ఒక భుజం పట్టుకున్నాడు. పట్టీ అవతల నుంచి స్కాఫోల్డింగ్ మేస్త్రీ ఒక్క గంతులో వచ్చి రెండో భుజం పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి పైకి లేపారు. లేపేసరికి కాకా మధ్యలో ఉన్నాడు, వాళ్ళ చేతులు ఆయన వీపు వెనక ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎవరు ఎవర్ని ముందు దగ్గరికి తీసుకున్నారో ఎవరూ చెప్పలేరు. కాకా నలిగిపోతూ, "జమ్మి! ముందుగాల జమ్మి ఇచ్చుకోండ్రిరా!" అని అరుస్తున్నాడు. ఆ తరవాత హాల్లో ఎవరెటో తెలియలేదు. నలభై మంది ఒకర్నొకరు కావలించుకున్నారు. హాజీనీ వదల్లేదు, ఆయన తలపాగా రెండుసార్లు కిందపడింది. నేను నిలబడి పిచ్చిదాన్లా ఏడ్చాను, నవ్వాను.

పట్టీ ఎవరు పీకారో కూడా నేను చూడలేదు. చూసేసరికి ఆ పొడుగున చాపలు పరిచి ఉన్నాయి. ఒకటే బంతి. మా ఆయన, నేను, హాజీ కూడా అందులోనే కూర్చున్నాం. కాకా వడ్డించడం మొదలుపెట్టాడు. ఆ మొహం చూడాల్సింది. ఒక్కొక్కరి దగ్గరా ఆగి, అన్నం పెట్టి, కూర వేసి, వాడి మొహంలోకి ఒకసారి చూసి ముందుకు పోతున్నాడు. నలభై మందికీ అలాగే. చివరి మనిషికి వేశాక గరిటె గిన్నెలో పెట్టి, "అయింది," అన్నాడు మెల్లగా.

"కాలే కాకా," అన్నారు మేస్త్రీలు. ఆయన వద్దు వద్దంటున్నా రెక్క పట్టుకుని బంతి మధ్యలో కూర్చోబెట్టారు. ఒకాయన అన్నం వేశాడు, ఒకాయన కూర వేశాడు. ఇన్నేళ్ళూ అందరూ తిన్నాక వంటగదిలో నిలబడి, మిగిలిన అన్నంలో ఇంత తొక్కు కలుపుకుని తినేవాడట ఆయన. వేడివేడిగా, బంతిలో, తను వండిన కూర తినడం అదే మొదలు. అందరం ఆగి ఆయన వైపే చూస్తున్నాం. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. నమలడం ఆపాడు.

"ఉప్పు తక్కువైంది గదరా!"

నలభై మంది తమ పళ్ళేల్లోకి చూసుకుంటున్నారు. మా ఆయన కూడా.

"ఇయ్యాల్నేనా?" అన్నాడు కాకా.

వెల్డర్ల మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "నేనొచ్చిన కాడికెళ్ళి గిట్లనే ఉన్నది కాకా."

"నేనొచ్చిన కాడికెళ్ళి గూడ," అన్నాడు స్కాఫోల్డింగ్ మేస్త్రీ.

"మరి ఒక్కడన్న చెప్పకపోతిరి?"

"చెప్తె నీకు బాధనిపిస్తదని." అంటూ వెల్డర్ల మేస్త్రీ చొక్కా జేబులోంచి చిన్న ఉప్పు పొట్లం తీశాడు. పక్కవాడూ తీశాడు. ఎదుటివాడూ తీశాడు. చూస్తుండగానే బంతి ఆ కొస నుంచి ఈ కొస దాకా అందరి జేబుల్లోంచీ ఉప్పు పొట్లాలు బయటికొచ్చాయి. ఏడాది పొడుగునా ఒకరి మొహం ఒకరు చూసుకోని రోజుల్లో కూడా ఈ ఒక్క మాట మాత్రం అటువాళ్ళూ దాటలేదు, ఇటువాళ్ళూ దాటలేదు. తిరిగి చూస్తే మా ఆయన చేతిలోనూ ఒక పొట్లం ఉంది.

కాకా ఆ పొట్లాల వైపు, ఆ మొహాల వైపు చూశాడు. తరవాత అరచెయ్యి ముందుకు చాపాడు. రెండు పక్కల నుంచీ రెండు చేతులు వచ్చి తలా చిటికెడు ఉప్పు వేశాయి. కూరలో కలుపుకుని, ఒక ముద్ద తిని, కళ్ళు తుడుచుకున్నాడు.

"గిప్పుడు మంచిగున్నది," అన్నాడు. "ఇగ తినుండ్రి."